2012 నాటి హార్డ్ డిస్క్‌ను మార్చాలా, కంప్యూటర్‌నే మార్చాలా?

తెనాలి కంపోజర్

నమస్కారం. నేను తెనాలిలో చిన్న డీటీపీ కేంద్రం నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, ఆలయాల ఉత్సవ ఆహ్వానాలు, ఏడాదికి ఒకటి రెండు కవితా సంపుటాలు మా దగ్గర కంపోజింగ్ అవుతుంటాయి. ఈ పనంతా 2012లో విడిభాగాలు కొని బిగించుకున్న ఒకే ఒక్క కంప్యూటర్ మీద సాగుతోంది. అందులో రెండవ తరం కోర్ ఐ3 ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 7200 చుట్లు తిరిగే 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. మొదట విండోస్ ఎక్స్‌పీ ఉండేది. కొన్నాళ్ళ తరువాత సీ డ్రైవ్‌ను మాత్రం ఫార్మాట్ చేయించి, అదే చోట 32 బిట్ విండోస్ 7 వేయించాను. పేజ్‌మేకర్ 7.0, అను ఫాంట్లు, ఒక పాత ఫోటోషాప్, ఇవే నా పనిముట్లు.

ఏడాదిగా ఈ యంత్రం బాగా నెమ్మదించింది. ఉదయం స్విచ్ వేసిన తరువాత పేజ్‌మేకర్ తెరుచుకొని మొదటి అక్షరం కొట్టడానికి తొమ్మిది నిమిషాలు పడుతోంది. ఆ సేపంతా క్యాబినెట్ మీది ఎర్ర దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. రెండు నెలలుగా, ఫోటోలున్న ఫైలు తెరిచేటప్పుడు అప్పుడప్పుడు అరనిమిషం పాటు అంతా బిగుసుకుపోయి మళ్ళీ కదులుతోంది.

ముగ్గురిని అడిగితే మూడు సలహాలు వచ్చాయి. మరమ్మతు చేసే కుర్రాడు హార్డ్ డిస్క్ బదులు 240 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు) వేయించుకోమన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు దీనిని అవతల పారేసి కొత్తది కొనుక్కోమన్నాడు. పక్క వీధి ప్రెస్సు యజమాని ఒకసారి ఫార్మాట్ కొట్టిస్తే సరిపోతుందన్నారు.

నా ఇబ్బంది ఏమిటంటే, పేజ్‌మేకర్, ఫాంట్ల సీడీలు కొన్నేళ్ళ క్రితం వర్షానికి దుకాణంలోకి నీళ్ళు వచ్చినప్పుడు తడిసి పాడయ్యాయి. ఇప్పుడు డిస్కులో ఇన్‌స్టాల్ అయి ఉన్నదే నాకు మిగిలింది. అను అక్షరాలు యూనికోడ్ కావు కనుక, నా పాత మేటరంతా ఆ ఫాంట్లు ఉంటేనే తెలుగులా కనిపిస్తుంది. లేకపోతే అర్థం లేని గుర్తుల వరుసగా మిగులుతుంది. పెద్దమ్మాయి పెళ్ళికి వేసిన శుభలేఖలాగే చిన్నమ్మాయికీ వేయమని పదేళ్ళ తరువాత వచ్చే వాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు.

నా బోర్డులో డిస్కులు తగిలించడానికి ఉన్నవి పాత తరహా సాటా 2 పోర్టులేనని, వాటికి ఎస్ఎస్‌డీ తగిలిస్తే సగం వేగమే వస్తుందని ఎక్కడో చదివాను. అలాంటప్పుడు ఆ ఖర్చు దండగేనా? ఎస్ఎస్‌డీలో రాతకు పరిమితి ఉంటుందన్న మాట కూడా భయపెడుతోంది. ప్రస్తుతం ఆషాఢం కనుక పని తక్కువగా ఉంది. శ్రావణ మాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా ఒక నిర్ణయానికి రావాలి. అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

పాత ఇనుము

వేగం సంగతి తరువాత చూద్దాం. మీ మేటరంతా వేరే చోట ఇంకొక ప్రతి ఉందా? మీ ప్రశ్నలో బ్యాకప్ అనే మాటే లేదు కాబట్టి, లేదనే అనుకుంటున్నాను. అలా అయితే ఈ రోజే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి, మేటర్ ఫోల్డర్లను, విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను దానిలోకి కాపీ చేయండి. అన్నిటికంటే కొత్త ఫైళ్ళతో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళండి.

మీ కంప్యూటర్‌కు ఇప్పుడు ఫార్మాట్ అసలు వద్దు. సీడీలు లేని మనిషికి ఫార్మాట్ కొట్టించుకోమని చెప్పిన పెద్దమనిషి మాట దయచేసి వినకండి. మీ పనిముట్లన్నీ దానితోనే పోతాయి.

నన్ను ఆపిన మాట వేరొకటి ఉంది. ఉదయం నెమ్మదిగా తెరుచుకోవడం పాత డిస్కులన్నిటికీ ఉండే గుణమే. కానీ మధ్యలో అరనిమిషం బిగుసుకుపోయి మళ్ళీ కదలడం వేరు. డిస్కు ఏదో ఒక సెక్టార్‌ను (సమాచారం దాచే చిన్న గడిని) చదవలేక, మళ్ళీ మళ్ళీ ప్రయత్నించేటప్పుడు సరిగ్గా అలాగే ఉంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్ 7 మీద కూడా నడుస్తుంది. దానిని తెరిచి, 05, సీ5, సీ6, సీ7 అనే నాలుగు వరుసల చివర ఉన్న రా (ముడి) విలువలను ఇక్కడ రాయండి. 05 అంటే చెడిపోయాయని తేల్చి, వాటి బదులు అదనపు సెక్టార్లను కేటాయించిన లెక్క. సీ5 అంటే చదవడం కుదరక, ఏమి చేయాలో ఇంకా తేలక వేచి ఉన్న సెక్టార్లు. సీ6 అంటే డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి. సీ7 ఒక్కటే పెరిగి తక్కినవి సున్నాగా ఉంటే దోషం డిస్కుది కాకపోవచ్చు. డిస్కుకూ బోర్డుకూ మధ్యనున్న సాటా కేబుల్‌ను మారిస్తే చాలామందికి సమస్య అక్కడితో తీరిపోయింది.

ఆ విలువలు చూడకుండా డిస్కు మార్చాలా వద్దా అని చర్చించడం, నాడి చూడకుండా మందు రాయడమే అవుతుంది.

చక్రభ్రమణం

పై సలహాతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. కంపోజర్ గారు అడిగిన సాటా 2 సందేహానికి మాత్రం నేను సమాధానం చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క అపోహ వల్ల హెచ్61 బోర్డులున్న చాలామంది ఏళ్ళ తరబడి అనవసరంగా ఓపిక పట్టారు.

మీరు చదివింది అబద్ధం కాదు. హెచ్61 చిప్‌సెట్ ఇచ్చే నాలుగు పోర్టులూ సెకనుకు 3 గిగాబిట్ల సాటా 2 పోర్టులే. సంకేతాల ఖర్చు పోగా అది సెకనుకు 300 ఎంబీ. వాడకంలో 270 దాకా వస్తుంది. సాటా 3 పోర్టు మీద అదే ఎస్ఎస్‌డీ 550 దాకా ఇస్తుంది. కనుక ఒకే పెద్ద ఫైలును కాపీ చేసేటప్పుడు మీకు సగం వేగమే దక్కుతుంది. కానీ విండోస్ తెరుచుకోవడం, పేజ్‌మేకర్ తెరుచుకోవడం, వందలాది ఫాంట్ల జాబితా నిండడం అనేవి ఒకే పెద్ద ఫైలును చదవడం కాదు. డిస్కులో చెల్లాచెదురుగా ఉన్న వేలాది చిన్న ముక్కలను చదవడం.

మీ డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క హెడ్ (డిస్కును చదివే భాగం) కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు వేచి ఉండాలి. అంతకుముందు హెడ్ ఆ వరుస మీదికి జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు పడుతుంది. మొత్తం కలిపితే ఒక్కొక్క ముక్కకు సుమారు 13 మిల్లీసెకన్లు. ఈ లెక్కన సెకనుకు డెబ్బై అయిదు, ఎనభై ముక్కలకు మించి చదవడం ఆ యంత్రానికి భౌతికంగా అసాధ్యం. తిరిగే భాగమే లేని ఎస్ఎస్‌డీకి అదే పని మిల్లీసెకనులో పదో వంతు సమయంలో అయిపోతుంది. అక్కడ సాటా 2 పోర్టు అడ్డమే కాదు. మీ తొమ్మిది నిమిషాలు ఒక నిమిషం లోపుకు రావడానికి ఆ పాత పోర్టు ఏమాత్రం ఆటంకం కాదని నిశ్చయంగా చెప్పగలను.

రాత పరిమితి భయం కూడా మీ విషయంలో నిరాధారం. 80 టెరాబైట్ల రాతకు హామీ ఇచ్చే సాధారణమైన 240 జీబీ డ్రైవ్‌ను తీసుకోండి. రోజుకు 20 జీబీ చొప్పున రాసినా ఆ హామీ పూర్తవడానికి 4,000 రోజులు, అంటే దాదాపు పదకొండేళ్ళు పడుతుంది. శుభలేఖలు వేసే దుకాణంలో రోజుకు 20 జీబీ రాయడం ఎలాగో నాకు ఊహకు అందడం లేదు.

మరొక మాట: ర్యామ్ పెంచమని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. 32 బిట్ విండోస్ 7 ఇప్పుడున్న 4 జీబీనే పూర్తిగా వాడుకోలేదు.

అమీర్‌పేట అడ్మిన్

నేను మేనల్లుడి పక్షం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది. అంత పాత బోర్డులో కెపాసిటర్లు ఎప్పుడు పోతాయో, పవర్ సప్లై ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి యంత్రానికి కొత్త డిస్కు కొనడం శిథిలమైన ఇంటికి టేకు తలుపులు బిగించడం లాంటిది. కొత్త కంప్యూటర్ కొని, పాత సీ డ్రైవ్‌ను డిస్క్2వీహెచ్‌డీ అనే ప్రోగ్రామ్‌తో ఒక ఫైలుగా మార్చి, కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో నడుపుకోండి. పేజ్‌మేకర్, ఫాంట్లు ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఇక ముందు ఏ యంత్రం పోయినా ఆ ఒక్క ఫైలును కొత్త దానిలోకి తెచ్చుకుంటే సరిపోతుంది.

పాత ఇనుము

అడ్మిన్ గారి ఆలోచన మంచిదే. ఆఖరికి అందరూ చేరవలసిన చోటు అదేనని నేనూ అంగీకరిస్తాను. కాకపోతే విండోస్‌ను వర్చువల్ యంత్రంలోకి మార్చితే దానికి కొత్త బోర్డు కనిపిస్తుంది, అప్పుడు పాత ప్రోగ్రాములలో ఏది లైసెన్సు మళ్ళీ అడుగుతుందో తెలియదు. సీడీలు లేని మనిషి ముహూర్తాల ముందు ఆ ప్రయోగం చేయకూడదు. డిస్కు ఒక్కటే మారితే తక్కిన యంత్రమంతా పాతదే కనుక ఆ ప్రమాదం చాలా తక్కువ. ఎస్ఎస్‌డీ దండగ కూడా కాదు, ఈ బోర్డు పోయిన రోజున విప్పి మరొక కంప్యూటర్‌లో పెట్టుకోవచ్చు.

తెనాలి కంపోజర్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రమే ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి మేటర్ ఫోల్డర్లను కాపీ చేశాను. 2014 సంవత్సరపు ఫోల్డర్ దగ్గర మాత్రం కాపీ ఆగిపోయి, చదవలేకపోతున్నట్టు సందేశం వచ్చింది. ఆ ఫోల్డర్‌ను వదిలి తక్కినవన్నీ తీసుకున్నాను. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగులో కాషన్ అని కనిపిస్తోంది. 05 ఎదురుగా చివర 28, సీ5 ఎదురుగా 10, సీ6 ఎదురుగా 10, సీ7 ఎదురుగా 0 ఉన్నాయి. పది సెక్టార్లే కదా, విండోస్‌లోని డిస్కు తనిఖీ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్ నడిపితే సర్దుకుంటుందని మా కుర్రాడు అంటున్నాడు. నడపమంటారా?

పాత ఇనుము

నడపకండి. కంప్యూటర్‌ను కూడా ఇప్పుడే ఆపివేయండి, ఇది చదివిన తరువాత.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో రా విలువలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే పదుల బదులు పదహారుల లెక్కలో చూపిస్తుంది. కనుక మీ 28 అంటే నలభై, మీ 10 అంటే పదహారు. నలభై సెక్టార్లకు ఇప్పటికే బదులు కేటాయింపు జరిగింది, పదహారు చదవడానికి లొంగడం లేదు. సీ7 సున్నా కాబట్టి కేబుల్ మీద నెపం వేసే అవకాశం కూడా లేదు. ఈ డిస్కు రేపే పోతుందని నేను అనను. ఇలాంటి అంకెలతో ఏడాది నడిచినవీ చూశాను, రెండు రోజుల్లో పోయినవీ చూశాను. చెక్‌డిస్క్‌లో చెడ్డ సెక్టార్లను వెతికే పద్ధతి డిస్కునంతటినీ అటూ ఇటూ గీకుతుంది, పైగా ఫైళ్ళ అమరికను మారుస్తుంది. ప్రతి తీసుకోని డిస్కు మీద ఆ పని చేయకూడదు.

డిస్కుకు నకలు తీసే మామూలు క్లోనింగ్ ప్రోగ్రాములు ఇలాంటి డిస్కులో మొదటి చెడ్డ సెక్టార్ దగ్గరే ఆగిపోతాయి. దీనికి తగిన పనిముట్టు గ్నూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్. విండోస్ బదులు లినక్స్ ఉన్న లైవ్ పెన్ డ్రైవ్ నుంచి కంప్యూటర్‌ను తెరిచి దానిని నడపాలి. అది మొదటి విడతలో బాగున్న భాగాన్నంతటినీ చకచకా తీసుకొని, మొరాయించిన చోట్లను ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆ తరువాతనే చెడ్డ చోట్ల దగ్గరికి తిరిగి వచ్చి ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, మ్యాప్ ఫైలు ఉన్నది కనుక ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. ఏది మూలమో, ఏది గమ్యమో రెండుసార్లు సరిచూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ మేటర్ మీద కూర్చుంటుంది. మీరు లినక్స్ ఎన్నడూ వాడకపోతే, పక్కన తెలిసిన వారిని కూర్చోబెట్టుకోండి.

గమ్యం సంగతి కూడా ముందే ఆలోచించాలి. మీ పాత డిస్కులో 500,107,862,016 బైట్లు ఉంటాయి. 480 జీబీ ఎస్ఎస్‌డీలో అది పట్టదు, 240 జీబీ మాట సరేసరి. కాబట్టి ముందు 1 టీబీ మామూలు హార్డ్ డిస్క్ ఒకటి కొని, పాత దానిని దానిలోకి దించుకోండి. అక్కడి నుంచి సీ డ్రైవ్‌ను మాత్రం చిన్న ఎస్ఎస్‌డీకి మార్చుకోవచ్చు. మేటర్ నిల్వకు ఆ హార్డ్ డిస్కే ఉంటుంది. ఈ పద్ధతిలో మీ కుర్రాడు చెప్పిన 240 జీబీ సరిపోతుంది; సలహా మంచిదే, వరుస మాత్రం తప్పింది.

ప్రతి తీసుకున్న తరువాత ఏ ఫైళ్ళకు దెబ్బ తగిలిందో కూడా తెలుసుకోవచ్చు. డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ అని ఉంది. కొత్త ప్రతిలో, చదవలేకపోయిన చోట్లలో మాత్రమే మనం చెప్పిన ఒక గుర్తు మాటను అది నింపుతుంది. తరువాత ఆ మాట ఏ ఫైళ్ళలో ఉందో వెతికితే పోయినవి ఏవో తేలిపోతాయి.

చక్రభ్రమణం

ఎస్ఎస్‌డీలోకి మార్చేటప్పుడు మీ ఎక్స్‌పీ చరిత్ర రెండు చోట్ల అడ్డం వస్తుంది. ఎక్స్‌పీ తాను చేసిన మొదటి పార్టిషన్‌ను (డిస్కులోని విభాగాన్ని) 63వ సెక్టార్ దగ్గర, అంటే 32,256వ బైటు దగ్గర మొదలుపెట్టేది. మీరు పార్టిషన్‌ను మార్చకుండా ఫార్మాట్ మాత్రమే చేయించారు కనుక, విండోస్ 7 కూడా అక్కడే కూర్చుని ఉంటుంది. ఆ అంకె, రాత జరిగే ముక్క సైజు అయిన 4,096తో భాగించబడదు. ఎస్ఎస్‌డీ మీద అలాగే ఉంచితే, ఒక్క చోట రాయవలసినది రెండు చోట్ల రాయవలసి వస్తుంది. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్ చూస్తే అంకె తెలుస్తుంది. ఎస్ఎస్‌డీలోకి తెచ్చాక, పార్టిషన్లను జరిపే జీపార్టెడ్ ప్రోగ్రామ్‌తో దానిని 1,048,576 దగ్గరికి జరపండి. అప్పుడు విండోస్ తెరుచుకోకపోతే, విండోస్ 7 డీవీడీలోని స్టార్టప్ రిపేర్ దానిని సరిచేస్తుంది.

రెండవది, ఎక్స్‌పీ కోసం బయోస్‌లో (బోర్డు సెట్టింగులలో) డిస్కుతో మాట్లాడడానికి పాత ఐడీఈ పద్ధతి పెట్టి ఉంటారు. ఎస్ఎస్‌డీకి కొత్తదైన ఏహెచ్‌సీఐ పద్ధతి మేలు. నేరుగా మారిస్తే 7బి సంఖ్యతో నీలి తెర వస్తుంది. ముందుగా విండోస్ సెట్టింగుల నిల్వ అయిన రిజిస్ట్రీలో ఎంఎస్‌ఏహెచ్‌సీఐ సర్వీస్ కింద స్టార్ట్ విలువను 0 చేసి, ఆ తరువాత బయోస్‌లో మార్చండి. వారానికొకసారి జరిగే డీఫ్రాగ్‌ను (ఫైళ్ళ ముక్కలను ఒక చోట చేర్చే పనిని) కూడా ఎస్ఎస్‌డీ వరకు నిలిపివేయండి.

బాపట్ల ఫోటో

రెండు మాటలు. పాత మేటర్‌ను ఎస్ఎస్‌డీలో పోసి బీరువాలో పెట్టకండి. కరెంటు లేకుండా ఉన్న ఎస్ఎస్‌డీలోని సమాచారం మెల్లగా కారిపోతుంది. వాడి వాడి రాత పరిమితికి చేరిన డ్రైవ్‌కు మెమరీ పరిశ్రమ సంస్థ జెడెక్ ప్రమాణం అడిగేది 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది నిల్వే. మన వైపు ఎండాకాలంలో బీరువాలో ఎంత వేడి ఉంటుందో మీకు నేను చెప్పనవసరం లేదు. పాత పనులకు హార్డ్ డిస్కే, అదీ రెండు ప్రతులు, ఒకటి ఇంట్లో. రెండవది, యూపీఎస్ బ్యాటరీ పని చేస్తోందో లేదో చూసుకోండి. నాది చనిపోయిందని ఫోటోల ప్రతి సగంలో ఉండగా కరెంటు పోయినప్పుడే తెలిసింది.

తెనాలి కంపోజర్

అయింది. గుంటూరు నుంచి లినక్స్ తెలిసిన మిత్రుడు వచ్చి రెండు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. మొదటి విడత మూడు గంటల్లోపే పూర్తయింది. మిగిలిన కొద్ది చోట్ల కోసం డిస్కు రాత్రంతా టక్కు టక్కుమంటూనే ఉంది. తెల్లవారేసరికి 12,288 బైట్లు తప్ప అంతా వచ్చింది. ఫిల్ మోడ్‌లో గుర్తు పెట్టి వెతికితే అవి ఒకే ఫైలులో దొరికాయి. 2014లో ఒక గృహప్రవేశ ఆహ్వానం కోసం స్కాన్ చేసిన ఫోటో అది. పేజ్‌మేకర్ ఫైలు మాత్రం చెక్కు చెదరలేదు.

ఆఫ్‌సెట్ చక్రభ్రమణం గారు చెప్పినట్టే 32,256 ఉంది. జరిపిన తరువాత విండోస్ తెరుచుకోలేదు. స్టార్టప్ రిపేర్ రెండుసార్లు నడిపితే తెరుచుకుంది. పేజ్‌మేకర్ ఏ అనుమతీ అడగలేదు, అను అక్షరాలు యథాతథంగా ఉన్నాయి. స్విచ్ వేసినప్పటి నుంచి మొదటి అక్షరం దాకా ఇప్పుడు యాభై సెకన్లు. యూపీఎస్ బ్యాటరీ నాలుగు నిమిషాలకే పడిపోయింది కనుక దానినీ మార్చాను. ఇంటర్నెట్ కేబుల్ ఈ కంప్యూటర్ నుంచి తీసివేశాను. వాట్సాప్‌లో వచ్చే మేటర్‌ను మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో దించుకొని తెచ్చుకుంటున్నాను. అడ్మిన్ గారు చెప్పిన వర్చువల్ పద్ధతిని మళ్ళీ మూఢం వచ్చినప్పుడు, ఈ ప్రతి మీద కాకుండా ఇంకొక ప్రతి మీద ప్రయత్నిస్తాను.

పాత డిస్కు బల్ల మీద ఉంది. ఫార్మాట్ చేసి సినిమాలకైనా వాడుకోవచ్చా?

పాత ఇనుము

వద్దు. సంచిలో చుట్టి, పైన తేదీ, సీ5 విలువ రాసి, మీ రెండు ప్రతులూ తెరుచుకుంటున్నాయని నమ్మకం కుదిరేదాకా అలాగే ఉంచండి. ఆ తరువాత నాకు పంపినా సరే, లోపలి అయస్కాంతాలు చాలా గట్టివి.